తలుపు మూసిన చదువుల గది

ఆదివారం నాడు సూరత్‌లో ఉధ్నా స్టేషను బయట చెరుకురసం బండి దగ్గర కూతురి చేతివేళ్లు చూసిన దగ్గర్నుంచి భాగీరథికి ముద్ద దిగడం లేదు. గ్లాసు అందుకోబోతూ హారతి చెయ్యి చాపింది. బొటనవేలి కొస మీదా చూపుడువేలి కొస మీదా తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. గోళ్ల అంచున ఎండిన గమ్ము చేప పొలుసులా మెరుస్తోంది. పన్నెండేళ్లపాటు ఇంట్లో కూర్చుని చీరల మీద రాళ్లు అంటించిన మనిషికి ఆ వేళ్లు ఏం చెబుతున్నాయో ఇంకొకరు విప్పి చెప్పాలా?

"ఏందే గిది?" అంటే, "ప్రాజెక్టు మమ్మీ. చార్టులు అంటించినం" అని చెయ్యి వెనక్కి లాక్కుంది పిల్ల.

పన్నెండో తరగతి బోర్డు పరీక్షకు ఇరవై రెండు రోజులు పెట్టుకుని ఏ బడిలో చార్టులు అంటిస్తారు?

డిండోలిలో వాళ్లు పద్నాలుగేళ్లు కాపురమున్న భవనం కూలేటట్టుందని ఆరునెలల కిందట అందర్నీ ఖాళీ చేయించాక ఆ కుటుంబం మూడు ముక్కలైంది. మొగుడు నర్సింగం ఊరి అంచున సచిన్ అనే పేటలో తను పనిచేసే మరమగ్గాల షెడ్డులోనే చాప పరుచుకుంటున్నాడు. భాగీరథి ఓ తెలుగు డాక్టరుగారింట్లో వంటకు కుదిరి అక్కడే ఉంటోంది. హారతిని మాత్రం 'చేదోడు' ఇంట్లో చేర్చారు. నిలవనీడ లేక చదువు ఆగిపోయే ఆడపిల్లల కోసం ఓ ట్రస్టు నడిపే ఇల్లది. తిండి, పడక వాళ్లవే. మంచీచెడూ చూసుకోవడానికి సంధ్యారాణి అని ఓ మేడం.

అంతవరకు భాగీరథి ఎలాగో గుండె చిక్కబట్టుకుంది. కానీ రెండు నెలల కిందట ఆ ఇంటి వెనక భాగంలో 'చదువుల గది' ఒకటి వెలిసింది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పిల్లలంతా అందులోనే ఉండాలట. తలుపు మూసేస్తారట. ఫోన్లు బయట డబ్బాలో పెట్టి వెళ్లాలట. ఓ ఆదివారం ఆమె పక్కసందులోంచి తొంగిచూడబోతే కిటికీకి లోపల్నుంచి ఏదో దట్టంగా బిగించి ఉంది. ఇంకో ఆదివారం చీరల కంపెనీ ముద్రలున్న డబ్బాలు టెంపోలోంచి దిగి లోపలికి పోవడం కళ్లారా చూసింది.

ఇప్పుడీ వేళ్లు.

రెండుసార్లు మోగి కూతురు ఫోను ఎత్తకపోతే, మూడోసారి మోగేలోపల శవాన్ని కూడా ఊహించేసుకునే తల్లి ఆమె. అలాంటి మనిషికి ఇన్ని ఆనవాళ్లు దొరికితే ఊరుకుంటుందా? సోమవారం పాత పొరుగింటి లింగవ్వకు ఫోను చేసింది.

"నేను అప్పుడే అన్న వదినె," అంది లింగవ్వ, ఏ అప్పుడో ఏమన్నదో తనకే గుర్తులేకపోయినా. "పేరు చదువుది, పని చీరలకు టిక్కీలు, రాళ్లు అంటిచ్చుడు. ఆడపోరలకు కూలి గూడ ఇయ్యక్కర్లేదాయె. తలుపు మూసి చదివే చదువేందమ్మా? మేం చదవలేదా అయిదో తరగతి, చెట్టు కింద కూసోని?"

"అయిదోది యాడ చదివినవ్ వదినె? రెండోదిలనే బడి ఎగ్గొడితివి గదా."

"నేను చదవకున్న గని చెట్టయితే ఉండె!"

నవ్వు రావాల్సిన మాటే. భాగీరథికి రాలేదు. బుధవారం మధ్యాహ్నం గిన్నెలు తోమి, చెంప పట్టుకుని డాక్టరుగారి భార్య హైమవతమ్మ ముందు నిలబడింది.

"పన్ను సలుపుతున్నదమ్మా. జర దవాఖానకు పోయొస్త."

"అయ్యో, డాక్టరుగారినే అడగకపోయావా?"

"సారు కీళ్లు చూస్తడు గదమ్మా. పన్ను కీలేం గాదాయె."

హైమవతమ్మ నవ్వుతూ వెళ్లమంది. భాగీరథి రెండు బస్సులు మారింది. దారి పొడుగునా ఆమె ఆలోచన ఒక్కటే. ఆ గదిలో తను అనుకున్నదే జరుగుతుంటే, పిల్లను ఈ పూటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చెయ్యాలి. ఎక్కడికి? అది తెలియదు. పరీక్ష? అదీ తెలియదు. బోర్డు పరీక్ష రాయకపోతే పిల్ల తనలాగే గమ్ము డబ్బా ముందు ముసలిదైపోతుంది. రాయించడానికని అక్కడే వదిలేస్తే ఇప్పుడే అయిపోతుంది. ఎటు తిప్పినా అదే నుయ్యి, అదే గొయ్యి.

నాలుగుంపావు దాటాక చేదోడు గేటు తీసుకుని లోపలికి వెళ్లింది. ముందు గదిలో సంధ్యారాణి ఎవరితోనో గుజరాతీలో ఫోను మాట్లాడుతూ, "అక్కా, కూర్చోండి" అన్నట్టు చెయ్యి ఊపింది. భాగీరథి కూర్చోలేదు. కూర్చుంటే టీ వస్తుంది, టీ తాగేలోపల లోపలి సరుకు సర్దేస్తారు. ఆ మాత్రం ఎరగదా! చెప్పులతోనే వసారా దాటి, వెనక గది తలుపు ఒక్క తోపు తోసింది.

లోపల ఏడుగురు ఆడపిల్లలు తలెత్తి చూశారు.

పొడుగాటి బల్లలు. చేతికందేంత కిందికి వేలాడదీసిన ట్యూబులైట్లు. బల్లల మీద ఎండి నల్లబడ్డ గమ్ము మరకలు. గోడ పొడుగునా చీరల డబ్బాలు, దొంతర్లు దొంతర్లుగా. రాళ్లు అంటించే కార్ఖానా ఎలా ఉంటుందో అచ్చు అలాగే ఉంది. ఆ పిల్లల ముందు పుస్తకాలున్నాయా, చీరలున్నాయా అని కూడా ఆమె చూడలేదు. చూడాల్సినదంతా చూసేశాననుకుంది.

సూరత్‌లో దారాలు కత్తిరించే పని చేసిన ఏ ఆడమనిషి సంచిలోనైనా చిటికెనవేలంత కట్టరు ఒకటి ఉంటుంది. పని మానేసినా అది మాత్రం మానదు. భాగీరథి దాన్ని బయటికి తీసి, అందుబాటులో ఉన్న డబ్బా మీద అంటించిన టేపును ఈ చివర నుంచి ఆ చివర దాకా సర్రున కోసేసింది.

"సూడుండ్రి అందరు! నా బిడ్డతోని ఏం పని చేపిస్తున్రో సూడుండ్రి!"

డబ్బా బోర్లించింది. గచ్చు మీద ధబధబమని పడ్డాయి: అట్టలు ఊడిన అకౌంట్ల పుస్తకాలు, లావుపాటి నిఘంటువు ఒకటి, ఎవరో పిల్లవాడు మీసాలు గీసిన సైన్సు పుస్తకం.

చీర లేదు. కనీసం జాకెట్టు ముక్కయినా లేదు.

చివర కూర్చున్న హిమశ్రీ, హారతితో ఒకే గదిలో ఉండే పిల్ల, పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుని దుకాణంలో చీర పరిచినట్టు పరిచింది.

"ఆంటీ, ఏ కలర్ చూపియ్యమంటవ్? ఇది లేటెస్ట్ డిజైన్, కామర్స్ బార్డర్. ఫిక్స్ రేట్, బేరం లేదు."

గది గొల్లుమంది. భాగీరథి చెవులు వేడెక్కాయి. అయినా కట్టరు సంచిలో పెట్టలేదు. సంధ్యారాణి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. కింద పడ్డ పుస్తకాలను చూసింది, టేపు కోసిన డబ్బాను చూసింది.

"ఏమైందక్కా?"

"గీ డబ్బలేంది మేడం? గీ బల్లలేంది? టిక్కీల కార్ఖాన గాకపోతే ఇదేంది?"

సంధ్యారాణి ఇదే ఊళ్లో లింబాయత్ పేటలో నేతన్నల ఇంట పుట్టి పెరిగిన మనిషి. కోపం రావాల్సిన చోట ఆమెకు నవ్వొచ్చింది. దాన్ని మర్యాదగా మింగింది.

"కార్ఖానావే అక్కా. మూతపడిన కార్ఖానా బల్లలు, లైట్లు అడుక్కొని తెచ్చుకున్నం. ఇగ డబ్బాలంటరా, మార్కెట్లో సేఠ్‌లు పాత పుస్తకాలు పంపిస్తరు. వాళ్ల దగ్గర చీరల డబ్బా గాక ఇంకేముంటది? ఈ ఊళ్ల పెళ్లిపత్రికలు గూడ చీరల డబ్బల్లనే వస్తయి."

"మరి కిటికీ ఎందుకు మూసిన్రు?"

సంధ్యారాణి వెళ్లి, కిటికీకి బిగించిన పరుపులాంటిదాన్ని ఒక మూల పట్టుకుని ఊడదీసింది. అది గుడ్డపీలికలు కూరి కుట్టిన మెత్త. వెనకనున్న మగ్గాల షెడ్డు, అక్కడివాళ్లు ఖాతా అంటారు, దాని మోత ఒక్కసారిగా గదిలోకి వచ్చి పడింది. ధడ్‌ధడ్, ధడ్‌ధడ్. పిల్లలు చెవులు మూసుకున్నారు. "దీదీ, బంద్ కరో నా!" అని అరిచింది ఒకర్తె. మెత్త మళ్లీ బిగించాక గానీ మాట వినబడలేదు.

"ఇది సంగతి. తలుపు తీసినా ఇదే లొల్లి. ఈ పిల్లలకు పడుకోవడానికి మంచాలిస్తే సరిపోదు అక్కా. మంచం మీద కూసోని చదివితే నిద్రొస్తది, వంటింట్ల కూసుంటే ఎవరో ఒకరు పని చెప్తరు. ఒక్కొక్కరికి ఇది నాది అనే ఒక కుర్చీ, ఒక బల్ల ఉండాల్నని కమిటీతోని ఏడాది కొట్లాడిన. ఫోన్లు డబ్బాలో పెట్టుమన్నది నేను గాదు, వీళ్లే తీర్మానం చేసుకున్నరు."

భాగీరథి ఒక్కో మాటనూ అనుమానంగానే లోపలికి పంపింది, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకుంటూ. రాయి దొరకలేదు. ఓడిపోతున్నానని తెలిసి, చివరి మాట అడిగేసింది.

"అట్లయితే నా బిడ్డ వేళ్లకు గమ్మెందుకున్నది?"

"ఈ మెత్తలు గోడలకు అంటించినప్పుడు అందరి చేతులకు అయింది. మీ హారతే ముందుండి చేసింది. గని అది డిసెంబర్ల అక్కా. రెండు నెలలాయె. ఇప్పుడు మా దగ్గర గమ్ము పనేం లేదే."

అప్పుడు చూసింది భాగీరథి. ఇంతసేపూ బల్లలను చూసింది, డబ్బాలను చూసింది, కిటికీని చూసింది. చూడాల్సిన మనిషిని మాత్రం చూడలేదు. ఏడుగురు పిల్లలు, ఎనిమిది కుర్చీలు. గోడవారనున్న ఎనిమిదో బల్ల మీద హిందీలో, తెలుగులో పేరు రాసిన చీటీ అంటించి ఉంది. పెన్నులు వరుసగా ఉన్నాయి. పుస్తకం మూసి ఉంది.

"నా బిడ్డ ఏది?"

హిమశ్రీ గబుక్కున పుస్తకంలోకి తల దించుకుంది.

"అదేందక్కా?" అంది సంధ్యారాణి, అప్పుడే గుర్తొచ్చినట్టు మెల్లగా. "మీ దగ్గరికే గదా వచ్చింది?"

* * *

ముందు గదిలో ఫ్యాను తిరుగుతోంది. సంధ్యారాణి ఫైలు తెరిచి బల్ల మీద పెట్టింది. అందులో ఆరు కాగితాలు. అన్నీ హిందీలో, గుండ్రని అక్షరాలతో. తల్లికి నడుము నొప్పి ఎక్కువగా ఉంది, సోమవారం బుధవారం దవాఖానకు తోడు రావాలి, మూడున్నరకు పంపి ఎనిమిది దాకా అనుమతి ఇవ్వండి. సంధ్యారాణి చదివి వినిపించింది. జనవరి ఆఖరు నుంచి ఇదే వరస.

"నేను రెండుసార్లు ఫోన్ గూడ చేసిన మీకు. ఎత్తలేదు."

నిజమే. డాక్టరుగారింట్లో పని వేళ ఫోను సంచిలో మూగదై పడి ఉంటుంది. కూతురు ఫోనెత్తకపోతే చచ్చిపోయిందేమోనని హడలే తల్లి, తనకొచ్చిన ఫోను ఎందుకొచ్చిందోనని తిరిగి అడగలేదు. తెలియని నంబరైతే ఎవరో మోసగాళ్లని వదిలేసింది.

ప్రతి కాగితం కిందా తెలుగులో సంతకం. భాగీరథి.

ఆమె దాన్ని దగ్గరికి జరుపుకుని చూసింది. నాలుగో తరగతితో బడి మానేసి, పెళ్లయ్యాక పెన్ను పట్టక అక్షరాలన్నీ మరిచిపోయిన మనిషామె. ఓసారి బడిలో వేలిముద్ర వేస్తే రెండో తరగతి చదివే హారతి సిగ్గుపడి ఏడ్చింది. ఇంటికొచ్చి పలక ముందేసుకుని, తల్లి చెయ్యి తన చిన్న చేత్తో పట్టుకుని దిద్దించింది. 'థి' చివర సరదాకు ఓ కొక్కెం కూడా పెట్టింది. ఇన్నేళ్లూ రేషను కార్డు మీద, బ్యాంకు పుస్తకం మీద ఆ కొక్కెంతోనే పెడుతోంది భాగీరథి. అసలు సంతకం ఎవరిదని ఎవరు అడగగలరు? అది మొదట్నుంచీ పిల్ల చేతిదే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈమె రెండు నెలలు ఊళ్లోవాళ్లందర్నీ అనుమానించింది. మేడాన్ని, ట్రస్టును, టెంపో డ్రైవర్ని, ఆఖరికి కిటికీని కూడా అనుమానించింది. పేగు తెంచుకుని పుట్టినదాన్ని మాత్రం వదిలేసింది.

హిమశ్రీ నీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఇందాక చీర పరిచిన పిల్లేనా ఇది? మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీకు తెలుసా బిడ్డా, అదెక్కడికి పోతున్నదో?"

"నాకేం తెల్వదు ఆంటీ. కసమ్." ఒట్టు వేయడంలో ఉన్న తొందర చూస్తేనే తెలుస్తోంది, తెలుసని. ఆ పిల్ల గ్లాసు కోసం కూడా ఆగకుండా వెళ్లిపోయింది.

సంధ్యారాణి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అక్కా, నేను ఒక్క మాట అడుగుత. సోంచాయించి చెప్పండి. గీ ఇంట్ల చోటు కోసం పదకొండు మంది పిల్లలు లైన్ల ఉన్నరు. దొంగ కాగితం ఇచ్చి బయటికి పోయినట్టు తేలితే, ఆ పిల్ల ఇక్కడ ఉండరాదు. అది నా రూల్ గాదు, కమిటీది. ఒకసారి ఒక పిల్ల అట్లనే పోయి మళ్ల రాలేదు. అప్పటి నుంచి పెట్టిన్రు." గొంతు తగ్గించింది. "ఈ సంతకాలు మీవేనా?"

భాగీరథి కాగితం మీది కొక్కేన్ని వేలితో తడిమింది. కాదంటే? ఈ రాత్రికే పెట్టె సర్దిస్తారు. పరీక్షకు పంతొమ్మిది రోజులు. డాక్టరుగారింట్లో తన పడక వంటగది అరుగు పక్కన, ఇద్దరు పట్టరు. సచిన్‌లో పదిహేను మంది మగవాళ్ల మధ్య పిల్లను పడుకోబెట్టలేదు. అవునంటే? పిల్ల వారంలో రెండు రోజులు నాలుగున్నర గంటలు ఎవడి దగ్గరికి పోతోందో, ఏ గదిలో గమ్ము పూస్తోందో, ఆ దారి తను దగ్గరుండి తెరిచినట్టవుతుంది. అబద్ధం పట్టుకుందామని వచ్చిన ఇంట్లో అబద్ధం ఆడాల్సిన రోజు తనకే వచ్చింది.

పిల్లను దండించాలంటే ముందు పిల్ల మిగలాలి కదా. ఇవ్వాళ దొరకనీ, ఎముకలో సున్నం లేకుండా చేద్దాం. ముందు కుర్చీ పోకూడదు.

"నాయే," అంది.

"అన్నీ?"

"అన్నీ నాయే మేడం. పన్ను నొప్పి మీద నడుము సంగతి మర్చిపోయిన. హారతిని దవాఖానలనే ఉండమని చెప్పి, మర్చిపోయి ఇటొచ్చిన." చెబుతుంటే తనకే తెలుస్తోంది, అబద్ధం ఎంత బోలుగా మోగుతోందో.

సంధ్యారాణి ఆమె మొహంలోకి చూసింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నమ్మినట్టు ఉండటమే అందరికీ మంచిదని అనుకున్నట్టూ ఉంది. నిట్టూర్చి, సొరుగు లాగి ఇంకో కాగితం తీసింది.

"సరే అక్కా. అవి మీవే అయితే ఇది గూడ మీదే అయితది. నేనే ఆగుమన్న, అమ్మతోని ఒకసారి మాట్లాడినంక కమిటీకి పంపుదామని."

"ఏం రాసున్నది అండ్ల?"

"ఒకటో తారీకు నుంచి హారతికి ఇక్కడ చోటు వద్దు, పేరు కొట్టేయండి అని. పరీక్ష గూడ రాయదట. ఇక చదువు చాలు అని రాసిన్రు."

కాగితం ఆమె ముందుకు జరిగింది. అదే హిందీ, అదే గుండ్రటి రాత. కింద అదే కొక్కెంతో భాగీరథి. దాని పక్కన ఊదారంగులో ఒక వేలిముద్ర.

పెద్ద బొటనవేలు. నడుమ అడ్డంగా తెల్లటి గీత, ముద్రను రెండు ముక్కలు చేస్తూ. తొమ్మిదేళ్ల కిందట మగ్గం కోసిన గాయమది. నెలరోజులు ఆ వేలికి కట్టు కట్టింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది భాగీరథే. అలాంటి వేలు సూరత్ మొత్తంలో ఒక్కటే ఉంది. సంతకం ఎవరైనా దిద్దుకోవచ్చు. వేలును ఏ పిల్లా అరువు తెచ్చుకోలేదు.

ఈ కాగితం తనకు తెలియదంటే ఇందాకటి 'నాయే' అబద్ధమైపోతుంది. తెలుసంటే కూతురి పేరు తన నోటితోనే కొట్టేసినట్టవుతుంది.

"నర్సింగమన్ననే మొన్న పొద్దుగాల వచ్చి ఇచ్చిపోయిండు," అంది సంధ్యారాణి, ఆమె కళ్లలోంచి చూపు తిప్పకుండా. "హారతి గూడ పక్కనే ఉన్నది. ఏడ్సుకుంట ఉన్నది. ఏమైందన్నా అంటే, 'ఇంట్ల అన్నీ మాట్లాడుకున్నం మేడం, దాని తల్లే ఒప్పుకున్నది' అన్నడు. మీరు ఒప్పుకున్నరా అక్కా?"